గుండెపోటు తరువాత మనసును పట్టే దిగులు

గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరిన బంధువును పరామర్శించడానికి వెళ్ళినవారు సాధారణంగా నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని రక్తనాళాలు పూడుకుపోయాయి, స్టెంట్లు ఎన్ని వేశారు, చూస్తున్న డాక్టరుగారెవరు, ఆరోగ్యశ్రీ వర్తించిందా. ఇవన్నీ తెలుసుకోవలసినవే. కాని రోగి పక్కన కాసేపు కూర్చుని, "రాత్రి నిద్ర పట్టిందా? మనసులో ఏమైనా గుబులుగా ఉందా?" అని అడిగేవారు అరుదు. నిజం చెప్పవలసి వస్తే, వైద్యులమైన మేము కూడా చాలాకాలం ఆ మాట అడగలేదు.

హృద్రోగుల వార్డులలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన నాకు ఈ పాఠం నేర్పినవారు ఒక విశ్రాంత ఉపాధ్యాయులు. తెలుగు మాస్టారు. గుండెపోటుతో వచ్చిన ఆయనకు సకాలంలో స్టెంటు వేశాము. ఐదవ రోజున ఇంటికి పంపించాము. మూడు వారాల తరువాత భార్యతో కలిసి పరీక్షకు వచ్చారు. నొప్పి లేదన్నారు, ఆయాసం లేదన్నారు. ఎకో పరీక్షలో గుండె పనితీరు సంతృప్తికరంగా ఉంది. అయితే ఆయన చూపు నేల మీద నుంచి పైకి లేవలేదు. భార్య మెల్లగా చెప్పింది: "పేపరు చదవడం మానేశారండీ. ఎర్ర కలం పట్టుకుని అచ్చుతప్పులు దిద్దందే ఈయనకు కాఫీ దిగేది కాదు. సహస్రనామం పుస్తకం కూడా ముట్టుకోవడం లేదు."

ఆమె నాకు రోగలక్షణం చెబుతున్నదని నేను గ్రహించలేదు. "గుండె భేషుగ్గా ఉంది మాస్టారూ, ధైర్యంగా ఉండండి" అని చెప్పి, తరువాతి రోగిని పిలిచాను.

రెండు నెలలు తిరగకుండానే ఒక అర్ధరాత్రి ఆయనను మళ్ళీ తీసుకువచ్చారు. స్టెంటులో రక్తం గడ్డకట్టింది. విచారిస్తే, అప్పటికి పక్షం రోజులుగా ఆయన మందులు వేసుకోవడం లేదని తెలిసింది. భార్య ఇచ్చిన మాత్రలు చేతిలోకి తీసుకుని, ఆమె అటు తిరగగానే పారవేసేవారట. దైవకృపతో బతికారు. తేరుకున్నాక "ఎందుకు మానేశారు మాస్టారూ?" అని అడిగితే ఆయన చెప్పిన సమాధానం నేను మరువలేదు: "ఎందుకు వేసుకోవాలో తోచలేదండీ."

ఆయన గుండె రక్తనాళానికి నేను చేసిన చికిత్సలో లోపం లేదు. ఆయన భార్య నోరు విప్పి చెప్పిన రెండవ జబ్బును మాత్రం నేను చూడలేదు.

ఎంతమందిలో కనిపిస్తుంది?

వైద్యశాస్త్రం డిప్రెషన్ అని పిలిచే మానసికమైన కుంగుబాటు, చికిత్స అవసరమైనంత తీవ్రస్థాయిలో, గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఉంటుందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. గుండె బలహీనపడి కాళ్ళవాపు, ఆయాసాలతో తరచు ఆసుపత్రికి వచ్చే హార్ట్ ఫెయిల్యూర్ రోగులలో కూడా ఇంచుమించు ఇదే నిష్పత్తి. అంతకంటె తేలికపాటి లక్షణాలు ఉన్నవారిని కలుపుకుంటే సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఇరవై పడకల వార్డులో కనీసం నలుగురు అన్నమాట. ఒంటరిగా జీవించేవారు, పూర్వం ఎప్పుడైనా కుంగుబాటుకు గురైనవారు, స్త్రీలు, చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవారు దీనికి మరింత తేలికగా లోనవుతారు.

ఇది కేవలం బాధపడవలసిన విషయమే అయితే వైద్యులు ఇంతగా పట్టించుకునేవారు కారేమో. 1993లో కెనడా దేశంలోని మాంట్రియల్ నగరం నుంచి వెలువడిన ఒక పరిశోధన అందరినీ ఆలోచింపజేసింది. గుండెపోటుతో చేరిన 222 మందిని ఆసుపత్రిలో ఉండగానే మానసికంగా పరీక్షించి, ఆరు నెలలపాటు గమనించారు. గుండె బలహీనత వంటి ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి మరణించే ముప్పు తక్కినవారికంటె సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. తరువాతి అధ్యయనాలలో ఆ తేడా అంత పెద్దగా లేకపోయినా, సంబంధం మాత్రం మళ్ళీ మళ్ళీ కనిపిస్తూనే ఉంది. 2008లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ హృద్రోగులందరినీ కుంగుబాటు కోసం పరీక్షించాలని సూచించింది. 2014లో ఆ సంస్థకు చెందిన నిపుణులు దీనిని గుండెపోటు తరువాతి ముప్పు కారకాలలో ఒకటిగా పరిగణించాలని సిఫారసు చేశారు.

గుండెజబ్బు రాకముందు కూడా మనసుకు ఇందులో పాత్ర ఉంది. మన దేశంతో సహా 52 దేశాలలో జరిగి, 2004లో ఫలితాలు వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం గుండెపోటుకు దారితీసే తొమ్మిది ప్రధాన కారణాలను గుర్తించింది. పొగతాగడం, మధుమేహం, అధిక రక్తపోటు మొదలైన వాటి సరసన మానసిక, సామాజిక ఒత్తిడి కూడా అందులో చేరింది.

మనసు బాధ గుండెను ఎలా తాకుతుంది?

శరీరంలో రక్తప్రసరణను వివరించి 1628లో గ్రంథం వెలువరించిన విలియం హార్వే, మనసులోని భయం, ఆశ, దుఃఖం గుండె దాకా వ్యాపిస్తాయని ఆ గ్రంథంలోనే గమనించాడు. మన భాషకు ఇది ఇంకా ముందే తెలుసు కాబోలు. గుండె జారడం, గుండె చెరువు కావడం, గుండె రాయి చేసుకోవడం అనే పలుకుబడులు మనం రోజూ వాడేవే.

దిగులు, భయం దీర్ఘకాలం కొనసాగినప్పుడు శరీరం ఎడతెగని ఆపదలో ఉన్నట్లు ప్రవర్తిస్తుంది. అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు అవసరానికి మించి ఊరుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఆరోగ్యవంతమైన గుండె శ్వాసను అనుసరించి స్వల్పంగా వేగం మార్చుకుంటూ కొట్టుకుంటుంది. కుంగుబాటులో ఆ సహజమైన సర్దుబాటు తగ్గుతుంది. అది తగ్గిన గుండెలో ప్రమాదకరమైన లయదోషాలు కలగడానికి అవకాశం హెచ్చు. రక్తంలోని ప్లేట్‌లెట్ కణాలు త్వరగా ఒకదానికొకటి అంటుకుని గడ్డలు కడతాయి. రక్తనాళాల గోడలలో వాపు లక్షణాలు పెరుగుతాయి.

ఇవన్నీ ప్రయోగశాలలో కొలవగలిగినవి. నా అనుభవంలో వీటన్నిటికంటె పెద్ద కారణం చాలా మామూలుది. కుంగిన మనిషి మాత్ర వేసుకోడు. నడకకు వెళ్ళడు. మానేసిన బీడీ మళ్ళీ ముట్టిస్తాడు. ఉప్పు తగ్గించమంటే "ఇప్పుడు తగ్గించి ఏం సాధించాలి?" అంటాడు. స్టెంటు వేసిన తరువాత, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తోపాటు మరొక మందును సాధారణంగా ఏడాదిపాటు వాడవలసి ఉంటుంది. ఆ తొలి నెలలలో వాటిని మానడం ఎంతటి ప్రమాదమో మాస్టారి విషయంలో చూశాము కదా.

ఒక్కొక్కసారి దుఃఖం నేరుగానే గుండెను దెబ్బతీస్తుంది. ఆప్తుల మరణవార్త విన్న వెంటనే ఛాతీనొప్పితో వచ్చినవారికి యాంజియోగ్రాం చేస్తే రక్తనాళాలలో అడ్డంకి ఏదీ ఉండదు. గుండె ఎడమ జఠరిక మాత్రం అడుగున బెలూనులాగా ఉబ్బి ఉంటుంది. జపాను జాలరులు ఆక్టోపస్‌లను పట్టే కుండను పోలి ఉన్నందున అక్కడి వైద్యులు 1990లో దీనికి టకోత్సుబో అని ఆ కుండ పేరే పెట్టారు. నెలసరి ఆగిన వయసు స్త్రీలలో ఎక్కువగా కనిపించే ఈ స్థితి నుంచి చాలామంది కొన్ని వారాలలో కోలుకుంటారు.

భయం సంగతి

కుంగుబాటుకు తోడబుట్టినది ఆందోళన. ఇది తరచు ఐ.సి.యు.లోనే మొదలవుతుంది. పగలూ రాత్రీ తేడా తెలియని దీపాలు, కూతకూతకూ ఉలిక్కిపడేలా చేసే మానిటరు, అర్ధరాత్రి పక్క పడక చుట్టూ హఠాత్తుగా లాగిన తెర, తెల్లవారేసరికి ఖాళీ అయిన ఆ పడక. రోగి ఏమీ అడగడు, మనమూ చెప్పము. అతడు మాత్రం అన్నీ చూస్తూనే ఉంటాడు.

ఇంటికి వెళ్ళాక భయం రూపం మారుతుంది. ఆసుపత్రిలో విసిగించిన మానిటరు ఇంటిలో లేకపోవడమే ఇప్పుడు బెంగ. ఎడమ చెయ్యి కాస్త లాగితే మళ్ళీ పోటేమోనని చెమటలు పడతాయి. నిద్రలో ప్రాణం పోతుందేమోనని కళ్ళు మూయడానికే జంకేవారిని ఎందరినో చూశాను. దాంపత్య జీవితం గురించి భార్యాభర్తలిద్దరికీ భయం ఉంటుంది. అడగడానికి బిడియం. ఆయాసం, నొప్పి లేకుండా రెండు అంతస్తుల మెట్లు ఎక్కగలిగిన వ్యక్తికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. వైద్యుని అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

తీవ్రమైన ఆందోళనలో గుండెదడ, ఆయాసం, ఛాతీలో బిగువు, చేతులలో తిమ్మిరి, ప్రాణం పోతున్నదన్న భావం కలుగుతాయి. గుండెపోటులోనూ ఇవే కలగవచ్చు. ఈ రెండింటి మధ్య తేడాను ఇంటిలో తేల్చుకోవడానికి ప్రయత్నించవద్దు. గుండెజబ్బు ఉన్న వ్యక్తికి కొత్తగా ఛాతీనొప్పి గాని, ఆయాసం గాని, స్పృహ తప్పినట్లు గాని అనిపిస్తే 108కి ఫోను చేయవలసిందే. ఇ.సి.జి., రక్తపరీక్ష చేసి "ఇది గుండెపోటు కాదు" అని వైద్యుడు చెప్పిన తరువాతనే దానిని ఆందోళన అనుకోవాలి. అప్పుడు కూడా "ఏమీ లేదు, ఉత్త భయం" అని తీసిపారవేయరాదు. ఆ భయానికీ చికిత్స ఉంది.

ఎలా గుర్తించాలి?

గుండెపోటు వచ్చిన మనిషి కొన్నాళ్ళు దిగులుగా ఉండడం సహజం. కన్నీళ్ళు పెట్టుకోవడం జబ్బు కాదు. ఆ దిగులు రోజులో అధికభాగం ఉంటూ, రెండు వారాలకు మించి కొనసాగితే జాగ్రత్తపడాలి. వైద్యులు మొదట రెండు విషయాలు అడుగుతారు. గడచిన రెండు వారాలలో మనసు తరచు నిస్పృహగా, కుంగినట్లుగా ఉంటున్నదా? ఇదివరకు ఇష్టంగా చేసే పనులమీద ఆసక్తి పోయిందా? ఈ రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా నిద్ర, ఆకలి, ఏకాగ్రత, అపరాధభావం, చావు తలపులు మొదలైన వాటితో కూడిన తొమ్మిది ప్రశ్నల పట్టికను పూరిస్తారు. పది నిమిషాలు కూడా పట్టదు.

మనవారిలో చిక్కు ఏమిటంటే "నాకు దిగులుగా ఉంది" అని నోరు తెరిచి చెప్పేవారు తక్కువ. ముఖ్యంగా పెద్దవయసు పురుషులు. వారు "ఒంట్లో నలతగా ఉంది", "తల దిమ్ముగా ఉంది", "కాళ్ళలో సత్తువ లేదు" అంటారు. కోడలి మీద విసుక్కుంటారు. మనవడు ఒడిలోకి వస్తే దింపేస్తారు. కాబట్టి రోగి మాటకంటె ఇంటివారి మాటకు విలువ ఎక్కువ. పేపరు మానేశారు, పూజ మానేశారు, సాయంత్రం అరుగు మీదికి రావడం లేదు వంటి సంగతులను పరీక్షకు వెళ్ళినప్పుడు తప్పక చెప్పండి. వైద్యుడు తొందరలో ఉంటే రెండుసార్లు చెప్పండి.

అన్నింటినీ మనసు ఖాతాలోనే వేయకూడదు కూడా. రక్తహీనత, థైరాయిడ్ లోపం మనిషిని ఇలాగే నీరసపరుస్తాయి. గుండె లయదోషానికి వాడే అమియోడరోన్ అనే మందు కొందరిలో థైరాయిడ్‌ను మందగింపజేస్తుంది. ఒక చిన్న రక్తపరీక్షతో ఇది తేలుతుంది. బైపాస్ శస్త్రచికిత్స తరువాత తొలి రోజులలో కొందరు వృద్ధులు చోటు, సమయం మరచి, లేనివి ఉన్నట్లు మాట్లాడతారు. ఇది డెలీరియం అనే తాత్కాలిక స్థితి. గాలి సోకిందని భయపడి తాయెత్తులకు పరుగెత్తనవసరం లేదు. నర్సుకు వెంటనే చెప్పాలి.

ధైర్యం చెప్పడం గురించి

భగవద్గీత మొదటి అధ్యాయానికి అర్జున విషాద యోగమని పేరు. కాళ్ళూ చేతులూ పట్టుదప్పడం, నోరెండిపోవడం, శరీరం వణకడం, చర్మం మండడం, గాండీవం చేతి నుంచి జారడం, నిలబడలేకపోవడం, మనసు గిర్రున తిరగడం అక్కడ వర్ణితమయ్యాయి. వైద్యుడిగా ఆ భాగాన్ని చదివినప్పుడల్లా నాకు మా వార్డు గుర్తుకు వస్తుంది. విషాదం మహావీరుని శరీరాన్ని కూడా వదలలేదు. ఆయన పిరికివాడు అయినందువల్ల అది రాలేదు.

రెండవ అధ్యాయం ఆరంభంలో శ్రీకృష్ణుడు అర్జునుని మందలించి, దౌర్బల్యం విడిచి లెమ్మన్న మాట నిజమే. పరామర్శకు వచ్చే పెద్దలు చాలామంది అక్కడితో ఆగిపోతారు. "మగవాడివై ఉండి ఇదేమిటి, లే" అని చెప్పి కాఫీ తాగి వెళ్ళిపోతారు. భగవానుడు అక్కడితో ఆగలేదు. ఆ మందలింపు పనిచేయలేదు గనుక మిగిలిన అధ్యాయాలన్నీ ఓపికగా కూర్చుని చెప్పాడు. అర్జునుడు వేసిన ప్రతి ప్రశ్ననూ విన్నాడు.

మరికొందరు "ఏ జన్మలో ఏం చేశారో" అంటారు. ఆ మాట రోగి గుండెలో ముల్లై దిగుతుంది. మొక్కు తీర్చనందువల్లనే ఈ జబ్బు వచ్చిందని నమ్మి, ఆసుపత్రి నుంచి వచ్చిన పది రోజులకే కాలినడకన కొండ ఎక్కడానికి సిద్ధపడినవారిని నేను ఆపవలసి వచ్చింది. మెట్లదారిని తట్టుకునే శక్తి గుండెకు ఉన్నదో లేదో వైద్యుడు పరీక్షించి చెప్పగలడు. అప్పటివరకు మొక్కును వాయిదా వేయడం అపచారం కాదు. ఉపవాసమున్న రోజున కూడా మాత్రలు మానరాదు. యాత్రకు బయలుదేరేవారు మందులను సామాను గదిలో పెట్టే పెట్టెలో కాక, దర్శనానికి వెంట తీసుకువెళ్ళే చేతిసంచిలో ఉంచుకోవాలి.

ప్రేమతో చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. బరువెత్తనీయరు, మెట్లెక్కనీయరు, డబ్బు విషయాలు చెప్పరు, ఆఖరికి కూరగాయల సంచీ కూడా పట్టుకోనీయరు. నిన్నటిదాకా ఇంటికి పెద్దగా ఉన్న మనిషి హఠాత్తుగా గాజుబొమ్మ అయిపోతాడు. వైద్యుడు అనుమతించిన పనులన్నీ ఆయననే చేసుకోనివ్వండి.

చికిత్స ఫలితాలు

చికిత్స విషయంలో ఉన్నది ఉన్నట్లు చెప్పడం మంచిది. గుండెపోటు లేదా అన్‌స్టేబుల్ యాంజైనాతో ఆసుపత్రిలో చేరిన 369 మంది రోగులపై జరిగి, 2002లో ప్రచురితమైన ఒక పరిశోధనలో సెర్ట్రలిన్ అనే మందు గుండెకు హాని చేయలేదని తేలింది. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి అది మేలు చేసింది. పూర్వం వాడిన ట్రైసైక్లిక్ జాతి మందులు గుండె లయను చెడగొట్టగలవు గనుక హృద్రోగులకు వాటిని సాధారణంగా ఇవ్వరు. మరుసటి ఏడాది వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో దాదాపు 2,500 మందిని పరిశీలించారు. మాటల ద్వారా ఆలోచనా సరళిని సరిదిద్దే చికిత్స కుంగుబాటును తగ్గించింది గాని, ఆయుర్దాయాన్ని పెంచినట్లు రుజువు కాలేదు. అయితే దాని వల్ల ప్రయోజనమేమిటని ఒక సహవైద్యుడు నన్ను అడిగాడు. మిగిలిన ఆయుష్షును మనిషి ఎలా గడుపుతాడన్నది కూడా వైద్యమేనని నా అభిప్రాయం.

ఈ మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. తగ్గిందని హఠాత్తుగా ఆపకూడదు. ఆస్పిరిన్ వంటి మందులతో కలిసినప్పుడు రక్తస్రావం అవకాశం కొంత పెరుగుతుంది కాబట్టి మానసిక వైద్యునికి గుండెమందుల చీటీని, గుండె వైద్యునికి మనసు మందుల చీటీని తప్పక చూపించాలి. నిద్రమాత్రలను దుకాణంలో అడిగి కొనుక్కోవడం అలవాటుగా మారుతుంది. బి.పి. తగ్గించే బీటా బ్లాకర్ మందులు దిగులు తెస్తాయని పూర్వం భావించేవారు. పెద్ద సమీక్షలలో అది నిలబడలేదు. కొందరికి నిద్ర చెదరడం, వింత కలలు రావడం మాత్రం ఉంటుంది. కాబట్టి ఆ భయంతో వాటిని మానవద్దు.

వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా పెంచే నడక, వ్యాయామం మనసుకూ గుండెకూ కలిపి పనిచేసే మందు. మన దేశంలోనే 24 ఆసుపత్రులలో గుండెపోటు వచ్చిన 3,959 మందిపై యోగాభ్యాసాన్ని పరీక్షించారు. పన్నెండు వారాల శిక్షణ పొందినవారు తమ ఆరోగ్యం మెరుగుపడిందని చెప్పారు, పూర్వపు పనులకు మెరుగ్గా తిరిగి వెళ్ళగలిగారు. మరణాలు, మళ్ళీ గుండెపోట్లు తగ్గినట్లు మాత్రం స్పష్టంగా తేలలేదు. 2020లో వచ్చిన ఈ ఫలితాన్ని ఉన్నంతవరకే తీసుకోవాలి. యోగా చేస్తున్నాము కదా అని మాత్రలు ఆపరాదు. జపం, భజన, గుడికి వెళ్ళి నలుగురిలో కూర్చోవడం రోగికి నిశ్చయంగా ఊరటనిస్తాయి. వైద్యంతోపాటు సాగనివ్వండి.

చచ్చిపోతే బాగుండునన్న మాట రోగి నోట వస్తే దానిని వేదాంతంగా భావించకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

దాతలకు ఒక విన్నపం. పడకలు, యంత్రాలు, అంబులెన్సులు ఇచ్చే పుణ్యాత్ములు మనలో ఎందరో ఉన్నారు. వాటి మీద పేరు చెక్కడానికి చోటు ఉంటుంది. పడక పక్కన అరగంట కూర్చుని రోగి మాట వినే శిక్షితులైన కౌన్సెలర్ జీతానికి అటువంటి చోటు లేదు. అందుకేనేమో ఆ పోస్టు చాలా ఆసుపత్రులలో కనిపించదు.

మాస్టారు రెండవసారి కోలుకున్నాక మానసిక వైద్యుని వద్ద ఎనిమిది నెలలు చికిత్స తీసుకున్నారు. మొదట ఒప్పుకోలేదు. "నాకు పిచ్చి లేదు" అన్నారు. "మీ గుండెకు రెండు జబ్బులు, ఇద్దరు డాక్టర్లు" అని నేను చెప్పిన మాటకు చిన్నగా నవ్వి సరేనన్నారు. ఇప్పుడు ఆరు నెలలకొకసారి పరీక్షకు వస్తారు. క్రిందటిసారి వచ్చినప్పుడు నేను రాసిచ్చిన ఆహార నియమాల కాగితాన్ని తిరిగి నా బల్ల మీద పెట్టారు. అందులో మూడు చోట్ల ఎర్ర కలంతో సున్న చుట్టి ఉంది.